అక్క పెట్టిన ఫిట్టింగు

నాది ఫిట్టింగుల కొట్టు. లారీలకు డీజిల్ గొట్టాలు, ఆ గొట్టాలను పంపుకి కలిపే బోల్టులు, నట్టులు, వాషర్లు, క్లిప్పులు అమ్ముతాను. మా వీధిలో ఎవరు ఎవరికి ఫిట్టింగు పెట్టినా, సరుకు నా దగ్గరే కొన్నారేమోనని నవ్వుకుంటారు. కానీ మా అక్క మా బావకు పెట్టిన ఫిట్టింగు లాంటిది నా కొట్లో ఏ అరలో వెతికినా దొరకదు.

"ఇంకొక్కసారి ఆ బండి దారిలో ఆగిందంటే అమ్మేయాల్సిందే," అంది అక్క.

అరవలేదు. అక్క అరిస్తే భయం లేదు, కాసేపటికి చల్లబడుతుంది. సూదిలోకి దారం ఎక్కిస్తూ, బెజ్జం మీంచి చూపు తిప్పకుండా అంది. అలా అన్న మాటకు తిరుగుండదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

బండి అంటే బావ లారీ. ఆయన దాని మీదే క్లీనరుగా చేరాడు, దాని మీదే డ్రైవింగు నేర్చుకున్నాడు, చివరికి ఓనరు దగ్గర దాన్నే కొనుక్కున్నాడు. అక్క దాన్ని మహాతల్లి అంటుంది. బావ కూడా మహాతల్లి అనే అంటాడు. మాట ఒకటే. ఆవిడ అనేటప్పుడు పెదవి పక్కకు పోతుంది, ఈయన అనేటప్పుడు చెయ్యి గుండె మీదికి పోతుంది.

ఆ లారీ పరుపుల ఫ్యాక్టరీ సరుకు మోస్తుంది. అక్క అదే ఫ్యాక్టరీలో పరుపులకు కవర్లు కుడుతుంది. ఈమధ్య మహాతల్లికి ఒక పాడు అలవాటు పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ దగ్గుతుంది, ఊపిరి అందనట్టు గుటకలు వేస్తుంది, రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. బావ దిగి, బానెట్ ఎత్తి, డీజిల్ పంపు మీద ఉండే చేతిపంపును కొట్టీ కొట్టీ గొట్టంలో చేరిన గాలిని బయటికి తోలితే మళ్ళీ కాసేపు నడుస్తుంది. పోయినసారి అలా ఆగినప్పుడు కొండ మలుపులో వాన పట్టుకుంది. బావ టార్పాలిన్ కప్పేలోపే పై వరస పరుపులు కడుపునిండా నీళ్ళు తాగేశాయి. వాటి కవర్లన్నీ అక్క కూర్చుని విప్పి, మళ్ళీ మొదటి నుంచీ కుట్టింది. ఫిట్టింగు అప్పుడు పెట్టిందన్నమాట.

"పరుపుల బండి కదక్కా. ఆగినా పడుకోవడానికి లోటుండదు," అన్నాను, వాతావరణం తేలిక చేద్దామని.

"నీ కొట్లో మూతలు కూడా అమ్ముతావు కదరా. ఒకటి నోటికి పెట్టుకో," అంది.

బావ గొంతు సవరించుకున్నాడు. "అమ్మేసి నన్నేం చేయమంటావు?"

"ఫ్యాక్టరీలో స్టోరు కీపరు ఉద్యోగం ఖాళీగా ఉంది. అడిగొచ్చాను. కుర్చీ ఇస్తారు, ఫ్యాను ఇస్తారు, తాళాల గుత్తి చేతికిస్తారు. వాన పడితే కిటికీలోంచి చూడొచ్చు."

"అన్ని తాళాలతో ఏం చేసుకోను? ఎన్ని తిప్పినా ఒక్కటీ స్టార్టవదు."

"వచ్చే లోడు కొండ మీది హాస్టలుకే కదా. నేనూ ఎక్కుతాను. ఎక్కడా ఆగకుండా వెళ్ళి, ఆగకుండా వస్తే మీ మహాతల్లి మీదే. ఆగిందా, పాత ఇనుము కొనే ఆయనకు కబురు పెడతాను."

ఆ పాత ఇనుము ఆయన అప్పటికే ఒకసారి వచ్చి, లారీ చుట్టూ తిరిగి, ముందు టైరును కాలితో తన్ని చూసి వెళ్ళాడు. తన్ను టైరుకి తగిలింది, నొప్పి బావకు తెలిసింది.

ఇక్కడ బావ చేతుల గురించి చెప్పాలి. అవి చేతులు కావు, చేటలు. మనిషి మెత్తన, పట్టు మాత్రం మహా గట్టి. ఏది మూసినా లోకం తలకిందులైనా ఊడకూడదన్నట్టు మూస్తాడు. ఆ ఇంట్లో కుళాయిలు చుక్క కారవు, ఎందుకంటే అవి తెరుచుకోవు. డబ్బాల మూతలు బావ పెడితే మళ్ళీ బావే తీయాలి. బావ ఊరెళ్ళిన రోజు అక్క చప్పటి టీ తాగుతుంది. ఇంట్లో పంచదార ఉంటుంది. అది డబ్బాలో ఉంటుంది. అదీ బాధ.

మర్నాడు బావ నా కొట్టుకి వచ్చాడు, వెంట మెకానిక్కుని తీసుకుని. ఆ మెకానిక్కుని అందరూ గాలి మేస్త్రి అంటారు. ఏ ఇంజను చూపించినా ముందు "గాలి పట్టింది" అంటాడు. చాలాసార్లు అది నిజం. మిగతాసార్లు గాలి మాట.

"పంపు పోయిందన్నా," అన్నాడు మేస్త్రి బల్ల మీద మోచేతులు ఆనించి. "కొత్తది వేయాల్సిందే."

"పంపు పోయిందంటాడు, పంపు తెమ్మని నన్ను పంపుతాడు," అన్నాడు బావ నీరసంగా. "నీ దగ్గరుందా?"

"నా దగ్గర పంపులుండవు బావా. పంపుల కొట్టుకి పంపడాలే ఉంటాయి. అది సరే, పంపుదే తప్పని ఎలా తేల్చావు మేస్త్రీ?"

"జాయింట్లన్నీ టార్చి వేసి చూశానన్నా. ఎక్కడా చెమ్మ లేదు. గొట్టాలన్నీ పొడిగా ఉన్నాయి. ఒక్క చుక్క కారట్లేదు. లీకు లేనప్పుడు తప్పు పంపుది కాక ఇంకెవరిది?"

"కారకపోతే లీకు లేనట్టేనా?"

"కారేదాన్నే కదన్నా లీకంటాం."

"కారు అనే మాటకు రెండర్థాలుంటాయి మేస్త్రీ. లీకుకి కూడా రెండు దారులుంటాయి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న గొట్టంలో డీజిల్‌ను వెనక నుంచి ఎవరూ తోయట్లేదు. ముందు నుంచి పంపు పీలుస్తోంది. నువ్వు గొట్టం పెట్టుకుని సోడా తాగుతావు కదా. ఆ గొట్టానికి పైన సన్నటి చిల్లు పడిందనుకో. సోడా కారుతుందా?"

మేస్త్రి మనసులోనే ఒక సోడా కొట్టించుకుని తాగి చూశాడు. "కారదన్నా. గుర్రుమని నోట్లోకి గాలొస్తుంది."

"మహాతల్లికీ అదే జబ్బు. బయటికి కారదు, లోపలికి పీలుస్తుంది. పొడిగా ఉందని వదిలేసిన జాయింటే దొంగ."

"అంటే నేను మొదట చెప్పిందే కదన్నా, గాలి పట్టిందని."

"మొదట చెప్పావు. ఆఖర్న పంపు మీదికి తోశావు."

బావ జేబులోంచి గుడ్డముక్క తీసి, మూట విప్పి, ఒక బోల్టును బల్ల మీద పెట్టాడు. పంపు నోటి దగ్గర ఉండే బాంజో బోల్టు అది. లోపల బోలుగా ఉంటుంది, పక్కన చిల్లు ఉంటుంది. డీజిల్ గొట్టం చివర ఒక ఉంగరం ఉంటుంది. ఆ ఉంగరంలోంచి బోల్టును దూర్చి పంపుకి బిగిస్తే, డీజిల్ ఉంగరంలోకి వచ్చి, చిల్లులో దూరి, బోల్టు కడుపులోంచి పంపులోకి పోతుంది. ఉంగరానికి పైన ఒకటి, కింద ఒకటి రాగి వాషర్లు ఉంటాయి. గాలికి అడ్డం నిలిచేవి అవే.

బావ తెచ్చిన బోల్టు ఇత్తడిది. గుళ్ళో గంటలా తళతళలాడుతోంది.

"ఎక్కడ కొన్నావు ఇది?"

"దారిలో. పాతది అరిగిందని రోడ్డు పక్క కొట్లో తీసుకున్నా. చూడు ఎలా మెరుస్తోందో. బరువూ ఉంది. పైగా ఏం బిగిసిందనుకున్నావ్ బామ్మర్దీ. నాకే ఒళ్ళంతా చెమట పట్టింది."

"నీకే పట్టిందా?"

"నాకే."

నాకు అనుమానం పుట్టింది ఆ చెమటలోనే. మా బావకు చెమట పట్టించిన బోల్టు సవ్యంగా వెళ్ళిన బోల్టు అయి ఉండదు. నా బల్ల మీద ఒక చెక్కపలక ఉంటుంది. రకరకాల మరల నట్టులు దానికి వరసగా బిగించి ఉంటాయి. ఎవరు ఏ బోల్టు తెచ్చినా ముందు వాటిలో తిప్పి చూస్తాను. బావ లారీ పంపుకి ఉండేది మిల్లీమీటర్ల లెక్కన పళ్ళు కోసిన మర. ఆ నట్టులో ఇత్తడి బోల్టును పెట్టి తిప్పాను. మొదట నాన్న చెప్పుల్లో పిల్లవాడి కాళ్ళలా లొడలొడలాడింది. ఆ తర్వాత ఠక్కున పట్టేసింది, ముందుకి పోదు. తీసి పక్కనున్న అంగుళాల నట్టులో పెట్టాను. బొంగరంలా తిరుగుతూ చివరిదాకా పోయింది.

"ఇది అంగుళాల మర బావా. మీ మహాతల్లిది మిల్లీమీటర్లు. రెండూ దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. దగ్గర పెడితే ఒకరికొకరు పడరు."

"పడకపోతే బిగియడమెలా బిగిసిందిరా?"

"పడకే బిగిసింది. నువ్వూ అక్కా పోట్లాడుకున్నప్పుడు ఇద్దరూ బిగుసుకు కూర్చోరూ? దాన్ని కాపురం అంటామా?"

బావ మీసం దువ్వుకున్నాడు.

"మర బిగిసింది, వాషరు బిగియలేదు. బోల్టు కదలట్లేదు కదాని గట్టిగా ఉందనుకున్నావు. ఉంగరం కింద సందు సందులాగే ఉంది. అందులోంచి మహాతల్లి గాలి పీల్చుకుంటోంది. ఆగినప్పుడల్లా నువ్వు ఇంకాస్త బిగించావు. ఇత్తడి పళ్ళు రాలాయి చూడు. పంపుది ఇనుము కాబట్టి దాని పళ్ళు నిలిచాయి. వేళ్ళతో తిప్పినప్పుడే తెలిసుండాలే?"

"వేళ్ళతో ఎక్కడ తిప్పనిస్తుంది? పంపుకీ ఇంజనుకీ మధ్య ఇంత సందు." బావ తన చేటను గాల్లోకి ఎత్తి చూపించాడు. "ఇది అందులో పడుతుందా? మొదటి నుంచీ స్పానరే."

"నా చెయ్యీ పట్టదన్నా," అన్నాడు మేస్త్రి. ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ ట్యూబులో గాలి కొట్టినట్టుంటాయి.

అరలు లాగాను. నా దగ్గర బోలెడు బోలు బోల్టులున్నాయి. బావ చెయ్యి తిన్నగా ఇంకో మెరిసే ఇత్తడిదాని మీదికే పోయింది.

"దాన్ని ముట్టుకోకు. నీ చేతికి స్పానరు ఇస్తే ఇత్తడి సాగి తీగవుతుంది. ఇదిగో, స్టీలు." బూడిద పూత పూసిన బోల్టు ఒకటి ముందు పెట్టాను.

"దిగులుగా ఉందేమిటిరా ఇది. మెరుపే లేదు."

"మెరుపును నమ్ముకుంటే ఏమైంది? వాన పడింది."

మేస్త్రి కిసుక్కున నవ్వాడు. వాషర్ల దగ్గరికి వచ్చేసరికి ఆయనకో సలహా తట్టింది. "పాతవే రాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే సరిపోతాయన్నా."

"రెండు ఇనుముల మధ్య రాజీ కుదిర్చేది రాగి, మేస్త్రీ. ఒకసారి నలిగి గట్టిపడ్డ రాగి రెండోసారి రాజీకి రాదు. కొత్తవే వేయాలి."

"అయితే ఒకటికి రెండు చొప్పున వేద్దాం," అన్నాడు బావ. "గట్టిగా ఉంటుంది."

"మధ్యవర్తులు ఎక్కువైతే తగవు తేలదు బావా. పైనొకటి, కిందొకటి. అంతే."

బావ వెంట తెచ్చిన గొట్టం కూడా చూశాను. దాన్ని ఉంగరం తోకకు పట్టి ఉంచే క్లిప్పును బావ ఎంత ప్రేమగా బిగించాడంటే అది రబ్బరును కొరుక్కుని లోపలికి దిగింది. ఆ పగుల్లోంచి కూడా గాలి వెళ్తూ ఉండాలి. మామూలు నీళ్ళ గొట్టం వేస్తే డీజిల్ తాగి ఉబ్బిపోతుంది కాబట్టి డీజిల్‌కు తట్టుకునే గొట్టమే కొత్తది కోశాను. అంచులు లోపలికి మడిచిన, రబ్బరును కొరకని క్లిప్పు ఒకటి ఏరాను. ఆఖరికి స్టీలు బోల్టును పలక మీది నట్టులో రెండు వేళ్ళతో తిప్పి చూపించాను. తల ఆనేదాకా నునుపుగా పోయింది.

"ఇదీ గుర్తు. చివరిదాకా వేళ్ళతోనే వెళ్ళాలి. స్పానరుకు మిగిలేది చివరి పిసరు మాత్రమే. కొలత తప్పితే కలతే."

"అంతా బానే ఉంది," అన్నాడు బావ. "ఆ సందులో పట్టే వేళ్ళు కూడా నీ దగ్గర అమ్ముతావా?"

నేను సరుకంతా పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టాను.

లోడు రోజు పొద్దున, పరుపులతో నిండిన లారీని బావ ఆ ఇత్తడి బోల్టుతోనే దగ్గించుకుంటూ తెచ్చి నా కొట్టు ముందు పెట్టాడు. బానెట్ ఎత్తి, ఆ బోల్టు ఊడదీసి, గొట్టం మార్చి, క్లిప్పు నేను చెప్పినంతే బిగించాడు. క్లిప్పు బయటికి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. బోల్టు దగ్గర ఇరుక్కున్నాడు. చెయ్యి దూర్చి, వేళ్ళ చర్మం గీరుకుని, వెనక్కి తీసి, చెయ్యి మార్చి, మళ్ళీ గీరుకున్నాడు. మేస్త్రి ప్రయత్నించాడు. ఆయన వేళ్ళు సందు మొదట్లోనే సెలవు తీసుకున్నాయి. నేను వంగుదామనుకున్నాను గానీ, నాకంటే ముందు నా పొట్ట వెళ్ళి బంపరుకి ఆనుకుంది.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మరమరాల డబ్బా.

"బానెట్ ఎత్తే ఉంది. ఇది ఆగినట్టేనా?"

"ఇంకా బయల్దేరనే లేదు కదక్కా. కదలనిది ఆగడమేమిటి?"

"మాటలకేం తక్కువ లేదు," అంటూ మా ముగ్గురి మధ్యలోంచి లోపలికి తొంగిచూసింది. బావ మెల్లగా స్పానరు కోసం చెయ్యి చాపుతున్నాడు. నేను ఆ స్పానరును నా వెనక దాచాను. అక్క మా ఇద్దరినీ చూసి, బావ గీరుకుపోయిన వేళ్ళను చూసి, గొడుగు మేస్త్రికిచ్చి, డబ్బా నా చేతిలో పెట్టింది. చేతి వాచీ విప్పి పైట కొంగున ముడేసుకుంది.

"ఏం చేయాలో చెప్పు."

చెప్పాను. ఉంగరం, పైన వాషరు, కింద వాషరు, మధ్యలోంచి బోల్టు. అక్క చెయ్యి ఆ సందులోకి సొంత ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళింది. కనుబొమ్మలు ముడిచి, ఎటో చూస్తూ, వేళ్ళతోనే వెతుక్కుంటోంది.

"వంకరగా పోతోందిరా," అంది.

"వెనక్కి తిప్పక్కా."

"తెలుసులే. సూది వంకరగా దిగితే లాగి మళ్ళీ గుచ్చమూ?" కొంచెం వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకి. ముఖం విచ్చుకుంది. "ఆఁ. ఇప్పుడు తనంతట తనే పోతోంది."

బోల్టు తల ఆనిందని చెప్పాక చిన్న స్పానరు అందించాను. అక్క ఒకసారి లాగింది. ఇంకాస్త లాగింది. ఆపేసింది.

"ఇంకొంచెం," అన్నాడు బావ.

"చాలు."

"ఒక్క పిసరు."

"దారం మరీ బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది. చాలంటే చాలు."

బావ రెండు చేతులూ గాల్లో తమంతట తామే ఏదో బిగిస్తున్నాయి. పక్కనే ఉన్న నా మెడ మీదికి వస్తాయేమోనని కొంచెం జరిగాను. గాలి మేస్త్రి చేతిపంపు కొట్టి గాలి తీశాడు. మొదట నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి, తర్వాత బుడగ లేని డీజిల్ వచ్చింది. బావ తాళం తిప్పాడు. మహాతల్లి గట్టిగా ఒకసారి సకిలించి, కుదురుగా నడవసాగింది.

అక్క చేతులు తుడుచుకుంటూ అటు తిరగగానే బావ నా చెవి దగ్గరికి వచ్చాడు. "ఒరే, వదులుగా ఉండి ఉంటుందిరా. కావాలనే వదులుగా పెట్టలేదు కదా?"

"ఫిట్టింగు పెట్టిందంటావా?"

"పెట్టిందిగా, మన కళ్ళ ముందే."

"ఏమిటా గుసగుసలు?" అంది అక్క క్యాబినులోకి ఎక్కుతూ. "ఒరేయ్, బోల్టు నీది కాబట్టి నువ్వు కూడా ఎక్కు. దారిలో ఆగితే ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టి అడుగుతాను."

కొట్టు మేస్త్రికి అప్పగించి ఎక్కాను. బావ స్టీరింగు దగ్గర, అక్క కిటికీ దగ్గర, మధ్యలో నేను, నా ఒళ్ళో డబ్బా.

ఊరు దాటాక నాకు ఆకలేసింది. డబ్బా మూత తిప్పబోయాను. మూత కదల్లేదు.

"ఇది ఎవరు మూశారు?"

అక్క బావ వైపు చూసింది. బావ రోడ్డు వైపు చూశాడు. మూత మర బిగిసిపోయింది, మరమరాలు లోపలే ఉండిపోయాయి. తీయమంటే స్టీరింగు వదలనంటాడు. టీ బడ్డీ ఒకటి కనిపించింది. "ఆపు బావా," అన్నాను. వినపడనట్టు వేగం పెంచాడు. ఇంకో బడ్డీ దగ్గర నాకు టీ కంటే అవసరమైన పని పడింది. అప్పుడు కూడా ఆపలేదు.

"ఎందుకు బావా ఈ కక్ష?"

"ఆగితే అమ్మేస్తానంది," అన్నాడు పెదవులు కదపకుండా.

అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. భుజాలు మాత్రం సన్నగా కదులుతున్నాయి.

ముందు రైలు గేటు పడి ఉంది. బావ దాన్ని దూరం నుంచే చూసి వేగం తగ్గించాడు. తగ్గించి, ఇంకా తగ్గించి, నత్తకు కూడా విసుగు పుట్టేంత నెమ్మదిగా పోనిచ్చాడు. వెనక బళ్ళు హారన్లు కొట్టాయి, ఒకాయన తల బయటపెట్టి మా వంశం గురించి వాకబు చేశాడు. బావ చెవిన వేసుకోలేదు. రైలు పోయింది, గేటు లేచింది, చక్రం ఆగకుండానే మేం దాటాం. నేను మాత్రం మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాను. నా పంపు వేరు, దాని బాధ వేరు.

కొండ ఎక్కడం మొదలైంది. పోయినసారి వానలో ఆగిన మలుపు దగ్గరపడింది. ఎత్తులో ఇంజను బరువుగా మూలిగింది. బావ నుదుటి మీద ఆ ఇత్తడి బోల్టు నాటి చెమట మళ్ళీ పట్టింది. అక్క చెయ్యి వచ్చి నా ఒళ్ళోని డబ్బాను గట్టిగా పట్టుకుంది. నేను పక్కకి చూశాను. ఆవిడ చూస్తున్నది రోడ్డును కాదు. బానెట్ వైపు చూస్తోంది, వేలి చివరలతో డబ్బా మూతను తడుముతూ, పొద్దున తను ఎంత తిప్పిందో గుర్తు చేసుకుంటున్నట్టు.

బండి ఆగాలని పట్టుబట్టిన మనిషి ముఖం కాదది.

మలుపు వచ్చింది. మహాతల్లి దగ్గలేదు, గుటక వేయలేదు. ఒకే శ్రుతిలో గురగురమంటూ తిరిగి, పైకి పోయింది. అక్క డబ్బా వదిలింది.

హాస్టలు ఆవరణలోకి వెళ్ళాం. పరుపులు దింపడానికి మనుషులు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. బావ వాళ్ళ ముందు నుంచి పోనిచ్చి, మధ్యలో ఉన్న గుండ్రటి పూలమడి చుట్టూ తిప్పి, మళ్ళీ వాళ్ళ ముందుకొచ్చి, మళ్ళీ తిప్పాడు. వాళ్ళు చేతులూపుతున్నారు. బావ కూడా చెయ్యి ఊపాడు.

"ఆపండి," అంది అక్క.

"ఆపితే?"

"ఆపకుండా పరుపులెలా దించుతారు, విసిరేస్తారా?"

"ఆగితే అమ్మేస్తానన్నావుగా."

అక్క ఇక పట్టలేక ఫక్కున నవ్వేసింది. "ఆగడం వేరు, ఆపడం వేరండీ. మీరు ఆపితే ఆపినట్టు. అది ఆగితే ఆగినట్టు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలీదా?"

బావ ఆపాడు. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంచాడు. అక్క నా మీదుగా చెయ్యి చాపి తాళం వెనక్కి తిప్పింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. బావ ముఖం పాలిపోయింది. ఎందుకో నాకు తెలుసు. దారిలోనే కాదు, కాసేపు ఆగి చల్లబడ్డాక మళ్ళీ స్టార్టు చేయబోయినా మహాతల్లి మొండికేసేది. గాలి దూరడానికి అంత తీరిక చాలు.

ముందు నేను వెళ్ళాల్సిన చోటికి పరుగున వెళ్ళి వచ్చాను. పరుపులు దిగుతున్నంతసేపూ ముగ్గురం మెట్ల మీద కూర్చుని టీ తాగాం. బావ డబ్బా మూత ఒక్క మెలికతో తీసి పెట్టాడు. మరమరాలు తింటున్నాడే గానీ చూపంతా లారీ మీదే. అక్క కవర్ల కుట్లు ఒక్కొక్కటీ చూసి, ఈసారి చుక్క తడి కూడా తగలని పరుపులను లోపలికి పంపింది.

మళ్ళీ ఎక్కాం. బావ తాళం మీద చెయ్యి వేశాడు.

"మీరు కాదు," అంది అక్క. "నేను తిప్పుతాను."

తిప్పింది. పూర్తిగా తిరగనే లేదు, ఇంజను అందుకుంది. పొద్దున ఎంత హుషారుగా లేచిందో అంతే హుషారుగా. బావ కళ్ళు మూసుకుని తెరిచాడు. అక్క డ్యాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టి, "మహాతల్లి," అంది. ఈసారి పెదవి పక్కకు పోలేదు.

"మరి పాత ఇనుమాయన?" అన్నాడు బావ మెల్లగా.

"నేను చెయ్యి పెట్టి బిగించినదాన్ని ఆయన కాలితో తన్నడానికి ఇస్తానా?"

"స్టోరు కీపరు ఉద్యోగమో?"

"ఎవరికైనా ఇచ్చుకోనీండి. తాళాలు మీ చేతిలో పెడితే ఆ ఫ్యాక్టరీ తలుపులు మళ్ళీ తెరుచుకోవు." కాస్త ఆగి అంది, "కానీ ఇక మీద పంపు దగ్గర బోల్టు ముట్టుకోవాలంటే నన్ను పిలవాలి. డబ్బాల మూతలు కూడా నేను చెప్పినంతే."

"అదేం భాగ్యం," అన్నాడు బావ. వెంటనే నా ఒళ్ళోని డబ్బా తీసుకుని, మూత పెట్టి, చిటికెన వేలు పైకెత్తి, పూలదండ సర్దినట్టు రెండు వేళ్ళతో తిప్పి అక్కకు చూపించాడు. "ఇంత చాలా?"

"చాలు," అంది అక్క మురిపెంగా.

కొండ దిగుతున్నాం. మొదటి గతుకులో డబ్బా ఎగిరింది, మూత దాని దారిన అది పోయింది. తెరిచిన కిటికీలోంచి వచ్చిన గాలికి మరమరాలన్నీ క్యాబినంతా లేచాయి. అక్క జుట్టులో పడ్డాయి, నా చొక్కాలోకి దూరాయి, బావ మీసాల మీద వరసగా కూర్చున్నాయి.

"మరీ ఇంత వదులా?" అంది అక్క.

"చాలన్నది నువ్వే కదా," అన్నాడు బావ, మీసాలు కదిపితే రాలతాయేమోనని నోరు పెద్దగా తెరవకుండా.

గాలంతా క్యాబినులోనే ఉంది, గొట్టంలోకి ఒక్క బుడగ పోలేదు. మహాతల్లి ఇల్లు చేరేదాకా ఆగలేదు. అక్క నవ్వు కూడా.